పచ్చి ముక్కలు, పల్లి తొక్కు

గనుల కాలనీ, మంచిర్యాల దగ్గర
ఆదివారం మధ్యాహ్నం

మా పెద్దక్కకు చెల్లెలు నర్సవ్వ కాళ్లు మొక్కి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేనూ మీ మరిదీ బాగానే ఉన్నాం. మా గురించి ఏ రందీ పెట్టుకోకు. అక్కడ మీరంతా బాగున్నారా? బావకు దగ్గు తగ్గిందా? ఈ చలికి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే నరాలు పట్టేస్తాయి, కింద గోనెపట్టా పరుచుకొమ్మను, నేను చెప్పానని చెప్పు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? పిల్లలను బడికి పంపిస్తున్నావా, నూలు కండెలు చుట్టడానికి ఇంట్లోనే కూర్చోబెడుతున్నావా? చిన్నది రాజవ్వ నా మీద అలిగి ఉంటుంది. అలగనీ. ఈ ఉత్తరం దాని చేతనే చదివించుకో. పక్కింటి పిల్లగాడి చేత మాత్రం చదివించకు, పొద్దుగూకేలోపు మన బజారంతా చెప్పి వస్తాడు.

పోయిన నెల నేను వేసిన కార్డు చూసి నువ్వు పరేషాన్ అయి ఉంటావు. రాజవ్వను బంగ్లా వంటింట్లో నాకు తోడుగా పెట్టుకుంటామని అమ్మగారు అన్నారని రాసింది నేనే. దాని బట్టలు సర్దాక ‘ఇప్పుడే పంపకు’ అని రెండు ముక్కలు రాసిందీ నేనే. కార్డు మీద అంతకంటే రాయడానికి లేదు. పోస్టు సంచీలో పడినప్పటి నుంచి మీ గడపలో పడేదాకా ఎందరి కళ్లు పడతాయో ఎవరికి తెలుసు? అందుకే ఇప్పుడు కవరు కొని, అన్నం మెతుకుతో గట్టిగా అంటించి పంపిస్తున్నాను. అంటు లేచి ఉంటే నాకు రాయి.

ముందు ఇక్కడి సంగతులు చెప్తాను. చలి మన దగ్గరికంటే ఎక్కువ. తెల్లవారుజామున గని సైరన్ కూస్తుంది, మీ మరిది లేచి పోతాడు. తిరిగి వచ్చేటప్పుడు గుంపులో అతణ్ని గుర్తుపట్టడానికి నాకు ఇప్పటికీ కష్టమే, అందరూ ఒకటే నలుపు. నడక చూసి పట్టుకుంటాను. ఆరేసిన చీర మీద బొగ్గు నుసి, మంచినీళ్ల బిందె మీద బొగ్గు నుసి. పాలవాడు పాలలో నీళ్లు పోస్తాడు. ఆ నీళ్లు కూడా మంచి బావివి కావని నా అనుమానం. చుట్టుపక్కల ఇళ్లలో ఒకరి మాట ఒకరికి అర్థం కాదు, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. మగ్గం చప్పుడు లేకపోతే నిద్ర పట్టదని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. అయినా బాగానే ఉన్నాను. నువ్వు ఫికర్ చేయకు.

మేముండే గది మేనేజరు దొర బంగ్లా వెనకే అని నీకు తెలుసు. నేను వంట చేసినన్నాళ్లే ఆ గది మాది. వంట పోతే గది పోతుంది, మళ్లీ కాలనీలో వాటా దొరికేదాకా ఎవరి అరుగు మీదనో పడి ఉండాలి. ఇది మనసులో పెట్టుకొని మిగతాది విను.

దొర భార్య, అంటే మా అమ్మగారు, కృష్ణ ఒడ్డు వాళ్లు. మంచి మనిషే. కానీ పోయిన నెలలో ఆమె పద్ధతి మారింది. ఎన్నడూ వంటింటి గడప దాటని మనిషి వచ్చి నా వెనక నిలబడడం మొదలుపెట్టింది. నేను పప్పులో ఉప్పు వేస్తే ‘ఎంత వేశావు?’ అంటుంది. అన్నం వార్చబోతే ‘ఉడికిందని ఎలా తెలిసింది?’ అంటుంది. ఏమీ లేనిది ఇంటి యజమానురాలికి నా పని నేర్చుకునే అవసరం ఏమొచ్చింది అక్కా? ఆ మీదట మంచిర్యాల నుంచి కొత్త ఇత్తడి గిన్నె ఒకటి తెప్పించి, దాన్ని తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేసింది. ‘దీన్ని నువ్వు ముట్టుకోకు నరసమ్మా’ అని నవ్వుతూనే అంది, ఆమె నోట నేను నరసమ్మనే. నవ్వుతూ అన్నదే నాకు నచ్చలేదు.

ఒక రోజు దొరతో కలిసి క్లబ్బుకు పోతూ, కారు ఎక్కబోయే ముందు వంటింట్లోకి తొంగి చూసి చెప్పింది.

‘‘రేపు మావాళ్లు వస్తున్నారు. ముందుగా పచ్చి కూరగాయలే పెడదాం. ఏమీ వండకు. శుభ్రంగా కడిగి సిద్ధంగా ఉంచు, చాలు.’’

అంతే, కారు పోయింది. నేను గరిటె పట్టుకొని అలాగే నిలబడ్డాను.

పచ్చివి మనం ఎవరికి ఇస్తాం అక్కా? మన చేతి వంట తినని వాళ్లకు ఇస్తాం. పెద్దల అమావాస్య నాడు నువ్వే కదా చాటలో బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, కొయ్యని కూరగాయలు పెట్టి, పూజ చేయించే అయ్యగారికి దండం పెట్టి ఇస్తావు. ఆయన తీసుకుపోయి తన పొయ్యి మీద తను వండుకుంటాడు. మనం వండి పెడితే ముట్టడు. మన ఇంటికొచ్చిన చుట్టానికి ఎన్నడైనా పచ్చి ముల్లంగి పెట్టామా? పెడితే మళ్లీ మన గడప తొక్కుతాడా?

అప్పుడు నాకు అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. పప్పు నేర్చుకోవడం, కొత్త గిన్నె, తాళం. వచ్చేవాళ్లకు నా చెయ్యి పనికిరాదు. నన్ను తీసేయడానికి దారి చూస్తున్నారు. మీ మరిది గని నుంచి రాగానే చెప్పాను. ఒళ్లు కడుక్కుంటూ నవ్వాడు.

‘‘ఏందే నీ అనుమానం! నీ నీడ నీ ఎంబడి వస్తే గూడ ఎందుకొస్తున్నవని అడుగుతవ్.’’

‘‘మరి పచ్చియి ఎందుకు పెట్టమన్నది?’’

‘‘పెద్దోళ్లు గదా, ఏమన్న తింటరు. అడుగరాదు?’’

‘‘అడిగితే నిజం చెప్తరా?’’

‘‘చెప్పకుంటే నీ అనుమానం నీ తానే ఉంటది. ఎటు పోతది!’’

అతనికి అన్నీ నవ్వులాటే. నాకు మాత్రం అన్నం సయించలేదు. ఆ రోజే నీకు కార్డు వేశాను.

కానీ అక్కా, పని పోయేదైనా సరే, మాట పడొద్దనుకున్నాను. పచ్చివి పెట్టమన్నారు కదా, పద్ధతిగానే పెడదామని మరునాడు పొద్దున్నే పెద్ద చాట కడిగి తుడిచి గుమ్మంలో పెట్టాను. బియ్యం పోశాను, కందిపప్పు పోశాను. గుమ్మడికాయ, వంకాయలు, అరటికాయలు కొయ్యకుండా పెట్టాను. ఉప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, పైన తమలపాకులు, వక్క. వాళ్లు వండుకోవడానికి వెనక వాకిట్లో ఇటుకలతో పొయ్యి పేర్చి, కట్టెలు పెట్టి, కొత్త కుండ కూడా తెచ్చి పెట్టాను. ఏ లోపమూ చేయలేదు. అయ్యగారు చూస్తే మెచ్చుకునేవాడు.

అమ్మగారు వచ్చి చూసి తలుపు పట్టుకొని నిలబడిపోయింది.

‘‘ఇదేమిటి నరసమ్మా! ఇంట్లో ఎవరి తద్దినం?’’

‘‘మీరే పచ్చియి పెట్టుమన్నరు గదమ్మా.’’

‘‘అయ్యో రామ! మా అత్తగారు సాయంత్రం బండికి వస్తున్నారు. గుమ్మంలోనే ఇది చూస్తే ఇంకేమన్నా ఉందా? తియ్యి, తియ్యి ముందు!’’

ఇద్దరం కలిసి చాట లోపలికి మోశాం. ఇటుకలు నేను తీస్తుంటే ఆమెకు నవ్వు ఆగలేదు. నాకు నవ్వు రాలేదు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. పెళ్లయిన కొత్తలో వాళ్లు కలకత్తాలో ఉండేవారట. అక్కడి క్లబ్బులో తెల్ల దొరసానులు భోజనానికి ముందు పచ్చి కూరగాయలను వేలంత పొడవు ముక్కలు కోసి, పళ్లెంలో పువ్వులా పేర్చి, నడుమ గిన్నెల్లో చిక్కటి పచ్చళ్లు పెడతారట. ఒక్కొక్క ముక్క తీసి, ముంచుకొని, కబుర్లు చెప్పుకుంటూ నములుతారట. వాళ్లయితే గుడ్డు సొనతో తెల్లటి ముద్ద ఒకటి చేస్తారట. మనకు అది వద్దు, పెరుగు చాలు అంది.

‘‘ముందు ఇవి నమిలితే ఆకలి పుడుతుంది నరసమ్మా.’’

‘‘ఆకలి లేనోళ్లు తినుటానికి ఎందుకు కూసుంటరమ్మా?’’

ఆమె మళ్లీ నవ్వింది. నాకు కథ కుదిరినట్టు అనిపించలేదు. కలకత్తా దొరసానులు పచ్చివి తింటే, బీరువాలో గిన్నెకు తాళం ఎందుకు? ఇక ఆగలేక అడిగేశాను.

‘‘నిజం చెప్పున్రి అమ్మా. నా చేతి వంట పనికిరాదనే గదా?’’

ఆమె నవ్వు ఆగిపోయింది. పీట మీద కూర్చుంది. కొంగు చివర మెలిపెడుతూ చెప్పింది.

‘‘నీ చేతి వంట మేమందరం తింటాం. మా అత్తగారు తినరు. ఆవిడది మడి. ఇక్కడ వంట నువ్వు చేస్తున్నావని తెలిసి, మా ఊరి నుంచి వంటమనిషిని తెచ్చి పెడతానని ఉత్తరం రాశారు. నేనే వద్దన్నాను. ఆవిడకు నా చేత్తో నేనే వండి పెడతానని రాశాను. ఆ కొత్త గిన్నె అందుకే.’’

‘‘మీకు వంట రాదు గదమ్మా!’’

‘‘రాదు. ఈ వారంలో నిన్ను చూసి అన్నం, పప్పు నేర్చుకున్నా. కూరలు నా వల్ల కాలేదు. ఆవిడ విస్తట్లో కూర లేకపోతే ఊరుకోరు. పచ్చివైతే వండక్కర్లేదు కదా. అందరికీ పెడితే ఇంటి పద్ధతి అనుకుంటారు.’’

నా అనుమానం నిజమైంది అక్కా. నిజమైతే గెలిచినట్టు ఉంటుందనుకున్నాను. లేదు. ఎవరో మెడ మీద చల్లటి నీళ్లు పోసినట్టయింది. ఆరు నెలలుగా ఆ ఇంట్లో నా చేతి కూర తిని ‘ఇంకొంచెం వెయ్యి’ అన్నవాళ్లే అందరూ. ముఖం కూడా చూడని ఒక ముసలమ్మ, ఎక్కడో కూర్చొని, నా చెయ్యి వద్దంది. ఏడుపు వచ్చింది. ఏడవలేదు. ఆమె ముందు ఏడిస్తే ‘చూశావా, అంతా నటన’ అనుకుంటుందని ఆపుకున్నాను. అయినా ఆమె చెప్పినదంతా నమ్మానా అంటే, లేదు. వంట నేర్చుకున్నాక నాతో ఏం పని అన్న మాట లోపల మెదులుతూనే ఉంది.

సరే, పని పనే కదా. కూర్చొని ముక్కలు కోశాను. గాజరగడ్డ (అమ్మగారు క్యారెట్ అంటుంది), ముల్లంగి, కీరదోసకాయ, గట్టి టమాటాలు. కోసిన ముక్కలను చల్లటి నీళ్లలో వేసి ఉంచితే బిరుసుగా ఉంటాయని ఆమె చెప్పింది, అది మాత్రం నిజమే. గడ్డపెరుగును పలుచటి బట్టలో మూటకట్టి వేలాడదీసి, నీరంతా కారాక ఆమే తీసి ఉప్పు, జీలకర్ర, కొత్తిమీర కలిపింది. అది బాగానే కుదిరింది. రెండో గిన్నెకు పల్లీల పచ్చడి తనే చేస్తానంది. మనం తొక్కు అంటామే, అది. బాణలిలో పల్లీలు వేసి కిటికీలోంచి కారు వస్తుందేమోనని చూస్తూ నిలబడింది. వాసన వచ్చేసరికి అన్నీ బొగ్గయ్యాయి. ఇంకోసారి వేసింది, అవీ మాడాయి. ముఖం చిన్నబోయింది.

‘‘నువ్వే చెయ్యి నరసమ్మా.’’

‘‘పెద్దమ్మగారు తింటే?’’

‘‘తినరు. ఆవిడ ముందు పెరుగు గిన్నె పెడతాను. ఇది మగవాళ్ల వైపు పెడతాను. నువ్వు ఇటు రాకు, తలుపు వెనకే ఉండు.’’

తలుపు వెనకే ఉండు అన్న మాట ములుకులా గుచ్చుకుంది. అయినా పల్లీలు సన్నటి సెగ మీద వేయించాను. పొట్టు తీసి, నూనెలో మగ్గించిన పచ్చిమిరపకాయలు, చింతపండు, జీలకర్ర వేసి రోట్లో నూరాను. కోపంగా నూరాను కాబట్టి వెన్నలా వచ్చింది.

చీకటి పడే వేళకు వచ్చారు. దొర తమ్ముడు, అతని భార్య, పెద్దమ్మగారు. ముసలమ్మ సన్నగా, నిటారుగా ఉంది. గడప దాటగానే గోడలు చూసింది, మూలలు చూసింది, వంటింటి తలుపు వైపు చూసింది. నేను తలుపు సందులోంచి ఆమెను చూస్తున్నాను. అక్కా, నీకు నవ్వొస్తుందేమో గానీ, అలా చూసే మనిషిని నేను అద్దంలో తప్ప ఎక్కడా చూడలేదు.

పళ్లెం తెచ్చి నడుమ పెట్టారు. ఎర్రగా, తెల్లగా, పచ్చగా ముక్కలు పేర్చి ఉంటే చూడ్డానికి ముద్దుగానే ఉంది. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

‘‘ఏమిటి వదినా, మమ్మల్ని మేతకు కట్టేశారా?’’ అన్నాడు దొర తమ్ముడు.

దొర ఒక ముక్క తీసి ముంచుకొని నమిలాడు. కరకరమని చప్పుడైంది. తమ్ముడు తిన్నాడు, అతని భార్యా తిన్నది. ముసలమ్మ ఒక గాజర ముక్క తీసుకొని వాసన చూసింది, దీపం వైపు పట్టి చూసింది. కడిగారా అని అడిగింది. ఎన్ని నీళ్లతో కడిగారని అడిగింది. అప్పుడు పెరుగులో అద్దుకొని కొరికింది. ఇంకోటి తిన్నది. పళ్లు గట్టివే. మూడో ముక్క తీసుకొని, పెరుగు గిన్నెను దాటి చెయ్యి చాచి, అవతల ఉన్న నా తొక్కులో ముంచింది.

అమ్మగారు ‘అత్తయ్యా’ అనబోయి ఆగింది. ముసలమ్మ నమిలింది. మళ్లీ ముంచింది. మళ్లీ. గిన్నె అడుగు కనిపించేదాకా ముంచుకొని, ఆ గిన్నె పట్టుకొని లేచింది. నేరుగా వంటింటి వైపు నడిచింది. నేను వెనక్కి జరిగే లోపే తలుపు తోసింది.

నేను రోలు పక్కనే ఉన్నాను. రోట్లో ఇంకా తొక్కు ఉంది. నా ముంజేతుల దాకా పల్లీల పిండి. ఆమె వెనకే అమ్మగారు వచ్చి నిలబడింది.

‘‘ఇది ఎవరు నూరారు?’’ అంది ముసలమ్మ.

‘నేనే’ అన్న మాట నా పెదవుల దాకా వచ్చింది అక్కా. అనాలనిపించింది. ‘నా చెయ్యి వద్దన్నవు గదా, ఇప్పుడు గిన్నె నాకినవు’ అని ముఖం మీదనే అనాలనిపించింది. అప్పుడు అమ్మగారి ముఖం చూశాను. కొంగు నోట్లో కుక్కుకొని నా వైపు చూస్తోంది. ఆమె ముఖంలో రక్తం లేదు. నన్ను తీసేయడానికి దారి చూస్తున్న మనిషి అలా ఉండదు. నాకోసం అత్తతో పోట్లాడి, ఓడిపోతానేమోనని వణికే మనిషి అలా ఉంటుంది. ఇన్ని రోజులూ నేను ఆమెను అనుమానంతోనే చూశాను గానీ సరిగా చూడలేదు. ముసలమ్మకు తన మడి చెడిందని తెలిస్తే ఆ ఇంట్లో కోడలి బతుకు ఏమవుతుందో నాకు అర్థమైంది.

‘‘అమ్మగారే నూరిన్రు’’ అన్నాను.

ముసలమ్మ రోలు చూసింది. నా చేతులు చూసింది. వెనక్కి తిరిగి కోడలి చేతులు చూసింది, అవి పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. మళ్లీ నన్ను చూసింది. నేను కళ్లు దించలేదు.

‘‘అలాగా. అయితే ఇంకొంచెం నూరమని మీ అమ్మగారికి చెప్పు’’ అని, ఖాళీ గిన్నె నా చేతిలో పెట్టింది.

నేల మీద పెట్టలేదు అక్కా. చేతిలోనే పెట్టింది. వేళ్లు తగిలాయి.

నేను నూరాను. ఈసారి కోపం లేదు. అందుకే జర బరకగా వచ్చింది, అయినా ఆమె తిన్నది. ఉన్నన్ని రోజులూ పొద్దూ మాపూ ముక్కలు కోయించుకుంది, పచ్చడి మీ అమ్మగారిని చేయమను అని నాతోనే చెప్పి పంపింది. ఊరి నుంచి వంటమనిషి మాట ఎత్తనేలేదు. ఆమెకు తెలిసిందా, తెలియలేదా? మీ మరిది తెలిసిందనే అంటాడు. ఆమె చూపు మందగించిందేమో అంటే, నేను చెరుగుతున్న బియ్యంలో రాయిని నాకంటే ముందు ఆమే ఏరింది. మరి తెలిసీ ఎందుకు తిన్నది? తిన్నందుకు నామీద ఏమన్నా మనసులో పెట్టుకుందా? ఇవన్నీ నాకు ఇంకా అనుమానాలే. అమ్మగారిని మాత్రం ఇక అనుమానించను. అనుమానించను అని రాస్తున్నాను, చూద్దాం.

అందుకని రాజవ్వను పంపించు. ఆలస్యం చేయకు. మంచిర్యాల స్టేషనుకు మీ మరిది వస్తాడు. తెలియని వాళ్ల దగ్గర ఏమీ కొనుక్కొని తినొద్దని చెప్పు. దానితో నా పాత నీలం చీర, కొంచెం పచ్చజొన్నలు, మన ఇంటి కారం పంపు. ఇక్కడి కారంలో ఇటుక పొడి కలుపుతారు. వేములవాడ పోయేవాళ్లు ఎవరన్నా ఉంటే రాజన్న గుడిలో నా పేరు మీద కోడె మొక్కు కట్టించమను.

బావకు నా దండాలు చెప్పు. కాకయ్యను, చిన్నమ్మను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు. మమ్మల్ని దీవించు అక్కా, మా ఇద్దరినీ. మీ మరిది కూడా నీకు దండం పెడుతున్నాడు.

ఒకటి రాయడం మరిచాను. బండి ఎక్కబోయే ముందు పెద్దమ్మగారు కోడలిని పక్కకు పిలిచింది. నేను సామాన్లు మోస్తున్నట్టు దగ్గరగానే నిలబడి విన్నాను.

‘‘మళ్లీ నేను వచ్చేసరికి వంకాయ కూర కూడా నేర్చుకో. ఈ పచ్చడి ఎవరి దగ్గర నేర్చుకున్నావో ఆ మనిషి దగ్గరే నేర్చుకో. ఆవిణ్ణి ఎక్కడికీ పోనివ్వకు’’ అంది.

ఇట్లు, నీ చెల్లెలు
నర్సవ్వ